సాక్ష్యము చెప్పిన సామాన్యులు

(అయ్యంకి వేంకట రమణయ్యగారి స్మారకోపన్యాస పాఠము)



ఏ మహనీయుని స్మృతికై మనమిచ్చట సమావేశమైతిమో, ఆ అయ్యంకి వేంకట రమణయ్యగారు (1890–1979) తమ సుదీర్ఘజీవితమును పుస్తకమునకును చదువరికిని నడుమగల దూరమును తగ్గించుటకే ధారవోసిరి. 1914లో బెజవాడలో మొట్టమొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభను సమకూర్చినవారును, 'గ్రంథాలయ సర్వస్వము' అను పత్రికను నడపి ఆ యుద్యమమునకొక వాణిని ప్రసాదించినవారును ఆయనయే. చదువరి గ్రంథాలయమునకు రాలేనినాడు గ్రంథాలయమే చదువరికడకు నడచిపోవలెనన్నది ఆ తరమువారి విశ్వాసము. ఆ విశ్వాసబలముననే 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను పెట్టి, ప్రయాణము చేయువారికిని, గట్టు వెంబడి గ్రామములవారికిని అందఁజేసిరి. కాలువలలో పడవలు నేడు కానరావు. కాని ఆ పడవ నేర్పిన పాఠము నాకు నిరుడు సముద్రముల కావల, నేనెంతమాత్రము ఎదురుచూడని చోట, మరల ఎదురైనది. ఆ కథతోనే నా యుపన్యాసమును ప్రారంభింతును.

మా అమ్మాయి ఇంట కొన్ని నెలలుండుటకై నేను అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు పోయితిని. పరాయి దేశములో వృద్ధునకు తోచుబాటు గ్రంథాలయమొక్కటియే గదా! ఆ చిన్న యూరి గ్రంథాలయమునకు దినమును పోవుచుండఁగా, ఒకనాడుదయమున వార్తాపత్రికలు చదువుకొను బల్లలకును, పిల్లల పుస్తకముల గదికిని నడుమ, మనుష్యప్రమాణముగల ఫలకములు పదియో పండ్రెండో వరుసగా నిలిచియుండెను. అది సంచార ప్రదర్శన. పెట్టెలలో మడిచి తెచ్చి, ఒక గ్రంథాలయములో కొన్ని వారములుంచి, పిమ్మట మఱియొక యూరికి పంపుదురఁట. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమునకు 2026తో రెండువందల యేఁబది సంవత్సరములు నిండుచున్న సందర్భమున, బ్రిటిషు పాలనపై సాగిన ఆ విప్లవయుద్ధకాలములో సామాన్యజనము ఎట్లు బ్రదికినదో, ఏమి కోల్పోయినదో, ఏమి చెప్పుకొన్నదో చూపుట దాని యుద్దేశము. సేనాధిపతి జార్జి వాషింగ్టను చిత్తరువు అందులో ఒక మూలను మాత్రమే యుండెను. తక్కిన స్థలమంతయు చెప్పులు కుట్టినవాడు, కమ్మరి భార్య, పదునైదేండ్ల పల్లెకుఱ్ఱవాడు, దాస్యమునుండి పాఱిపోయిన నల్లజాతి కూలి, ఇల్లుగాలిన ఆదివాసి, వీరిదే.

ఆ కుఱ్ఱవాని కథ మొదట చెప్పెదను. కనెక్టికట్‌లో పదునైదేండ్ల ప్రాయమున 1776లో సైన్యమున చేరిన జోసెఫ్ ప్లంబ్ మార్టిన్, యుద్ధము ముగియువఱకు నిలిచి, ఆకలినే అన్నిటికంటె పెద్ద శత్రువుగా నెఱిఁగినవాడు. యుద్ధానంతరమున మెయిన్ ప్రాంతమున స్థిరపడి, బీదతనముతో వృద్ధుడై, 1818లో ప్రభుత్వము నిఱుపేదలైన పాత సైనికులకు నెలకు ఎనిమిది డాలర్ల చొప్పున పింఛను నిచ్చుటకు చట్టము చేసినప్పుడు, తన పేదఱికమును న్యాయస్థానమున నిరూపించుకొనవలసి వచ్చెను. ఆయన యాస్తి జాబితాలో రెండావులు, ఆఱు గొఱ్ఱెలు, ఒక పంది కలవు. ఒక దేశమును పుట్టించిన మహాయుద్ధములో చివఱివఱకు నడచిన మనుష్యుని సంపద అంతయు అంతే. ఆయన 1830లో తన పేరు వేసికొనకయే ఆత్మకథను ప్రకటించెను. ఆనాడు దానిని కొన్నవారు కొద్దిమందియే. నేడు ఆ యుద్ధమును గూర్చి వ్రాయు చరిత్రకారుడెవ్వడును దానిని చదువక కలము పట్టఁడు.

1818 నాటి ఆ పింఛను చట్టము పేదలకే పరిమితము. 1832లో చేసిన చట్టము పేదఱికపు నిబంధనను తొలఁగించి, కనీసము ఆఱు నెలలు సేవచేసినవారందఱికిని పింఛను నిర్ణయించెను. అప్పటికి యుద్ధము ముగిసి దాదాపు యేఁబది సంవత్సరములు. సైన్యమునుండి విడుదలైననాడిచ్చిన కాగితములు కొందఱివి చెదలు తినినవి, కొందఱివి ఇల్లు మాఱునప్పుడు పోయినవి, కొందఱు పూటగడవక ఏనాడో అమ్ముకొన్నారు. కాగితము లేనివారు తమ జిల్లా న్యాయస్థానమునకు వచ్చి, ప్రమాణముచేసి, ఏ దళములో ఎవని క్రింద పనిచేసితిమో, ఏ దారిని నడచితిమో, ఏ పోరులో నుంటిమో నోటితో చెప్పవలెను; గుమాస్తా దానిని వ్రాసికొనవలెను. ఈ విధముగా, చరిత్ర వ్రాయవలెనన్న సంకల్పము లేశమైన లేని ఒక ఖజానా నిబంధనము, ఆ యుద్ధమును గూర్చి వేలకొలఁది సామాన్యజన వాఙ్మూలములను కూడఁబెట్టినది. వాషింగ్టను నగరములోని జాతీయ పత్రభాండారమున నేఁటికిని ఇట్టి పింఛను దస్త్రములు సుమారు 80,000 కలవు. అందులో అక్షరము రానివారు పెట్టిన గీఁతగుర్తులును ఉన్నవి. ఆ పాత చేతివ్రాతను నేఁటి పాఠకులు ఇండ్లలో కూర్చుండి, వేతనమాశింపక, పంక్తి పంక్తిగా విప్పి వ్రాయుచున్నారు.

సైనికుల పిమ్మట వారి వితంతువుల వంతు వచ్చెను. 1836 నాటి చట్టము వారికిని పింఛను నొసఁగెను గాని, వివాహమైనట్లు నిదర్శనము కోరెను. పల్లెలో ఏ పురోహితుని యెదుటనో జరిగిన పెండ్లికి ప్రభుత్వపు దస్త్రమెక్కడిది? ఆ ముసలమ్మలకు తమ యింటిలోనున్న వ్రాఁత ఒక్కటియే. అది తరతరములుగా పెండ్లిండ్లు, పురుళ్లు, చావులు తిథివారముతో వ్రాసికొను కుటుంబపు బైబిలు మొదటి పుటలు. ఆ పుటలను చింపి పింఛను కచేరీకి పంపిరి. పెన్సిల్వేనియాలోని జర్మను కుటుంబములవారు పక్షులు, పూవులు, రంగురంగుల యక్షరములతో చేతితో చిత్రించుకొన్న జన్మపత్రములను పంపిరి. కన్యగా నున్నప్పుడు సూదితో కుట్టుకొన్న అక్షరముల గుడ్డను పంపినవారు సైతము కలరు. ఒక ఫలకముపై అట్టి పుట ఛాయాచిత్రము ముందు నేను చాలసేపు నిలిచితిని. దాని యెడమ అంచు పల్లుపల్లుగా నుండెను. వ్రేళ్లు వణఁకుచు చింపినట్లు తెలియుచుండెను. నిత్యము చేతఁబట్టి ప్రార్థించు గ్రంథమునుండి ఒక పుటను పెఱికి, మరల వచ్చునో రాదో తెలియక, ఎన్నఁడును చూడని పట్టణమునకు పంపుట ఆ తల్లికెంత కష్టమై యుండును! ఆ పుట ఆమెకు మరల రాలేదు. దస్త్రములోనే యుండిపోయినది కావుననే నేఁడు మన కంటఁబడినది.

ఆ వితంతువులలో సారా ఆస్బరన్ అను నామె వాఙ్మూలము ఈ దస్త్రములన్నిటిలో ప్రసిద్ధమైనది. నేను ప్రదర్శన చూచిన ఆ పెన్సిల్వేనియాలోనే, వేన్ కౌంటీ న్యాయస్థానమున, 1837లో, ఎనుబదియొక్క సంవత్సరముల వయస్సున ఆమె సాక్ష్యము చెప్పెను. ఆమె భర్త కమ్మరి. సైన్యములో చేరినప్పుడు ఆమెను వెంటఁబెట్టుకొని పోయెను. ఆమె సైనికుల బట్టలుతికి, చినిఁగినవి కుట్టి, వంటచేసి, సైన్యముతోపాటు యార్క్‌టౌన్ వఱకు నడచెను. అచ్చట ముట్టడి జరుగుచున్న దినములలో గొడ్డుమాంసము, రొట్టె, కాఫీ మోసికొనిపోయి, కందకములలో నున్నవారికి వడ్డించుచుండఁగా, వాషింగ్టను ఆమె నడ్డగించి, ఫిరంగిగుండ్లకు భయము లేదా యని యడిగెనఁట. పోరాడుమనియు, పస్తుండుమనియు రెండును సైనికులకు చెప్పుట తగదను నర్థమిచ్చు మాటను ఆమె బదులు చెప్పెను. 1781 అక్టోబరు 19న బ్రిటిషు సేనలు లొంగిపోయిన దినమున ఆ దళములు కోటనుండి వెడలివచ్చుటను ఆమె కన్నులార చూచెను. డోళ్లకు నల్లని చేతిరుమాళ్లు కట్టియుండుటను, పిల్లనగ్రోవులకు నల్లని పట్టెలు చుట్టియుండుటను, ముందు నడచిన స్థూలకాయుడైన సేనాని చెక్కిళ్లపై కన్నీరు జాఱుటను యేఁబదియాఱేండ్ల తరువాతను మఱువక చెప్పెను.

సభాసదులారా! ఆ యుద్ధమును గూర్చి సేనానులు వ్రాసిన గ్రంథములెన్నియో కలవు. వానిలో వ్యూహములున్నవి, సంధిపత్రములున్నవి. వంటపాత్ర మోసినచేయి జ్ఞాపకముంచుకొన్న నల్లని రుమాలు మాత్రము న్యాయస్థానపు గుమాస్తా ఓపికతో వ్రాసికొన్నందుననే మిగిలినది. ఆమెకు నిజముగా కావలసినవి భర్త పేరు, దళము పేరు, వివాహతిథి, ఈ మూడే. ఆ గుమాస్తా ఆ మూడింటితో తృప్తిపడి, తక్కినది వ్రాయనక్కఱలేదని కలము క్రిందఁబెట్టియుండినచో ఏమయ్యెడిది? అతని పేరు నేను వినలేదు. కాని నేఁటి నా యుపన్యాసమునకు నాయకుడతడే.

విజేతల వైపున నిలిచినవారి కథతో ఆ ప్రదర్శన ముగియకుండుట నాకు మిక్కిలి గౌరవము కలిగించినది. బంకర్ హిల్ పోరులో అమెరికనుల వైపున శౌర్యము చూపిన సేలం పూర్ అను నల్లజాతివాడు, తన స్వేచ్ఛను తానే 27 పౌనులకు కొనుక్కొన్నవాడు. ఆతని పరాక్రమమును ప్రశంసించుచు పదునలుగురు సైన్యాధికారులు 1775 డిసెంబరులో మాసచూసెట్స్ సభకు విజ్ఞాపన మంపిరి. అదే కాలమున వర్జీనియాలో బ్రిటిషు గవర్నరు డన్‌మోర్ తమ వైపు వచ్చి పోరాడిన బానిసలకు విముక్తి ప్రకటింపఁగా, వేలకొలఁది నల్లజాతివారు ఆ మార్గమునే పట్టిరి. స్వాతంత్ర్యమను నొక్క మాటకొఱకు ఒకే జాతివారు రెండు సైన్యములలో ఎదురెదురుగా నిలువవలసి వచ్చినది. 1783లో బ్రిటిషువారు న్యూయార్క్ విడిచి పోవునప్పుడు తమ వెంట ఓడలెక్కిన సుమారు 3,000 మంది నల్లజాతివారి పేర్లు, వయస్సులు, దేహచిహ్నములు, పూర్వపు యజమానుల పేర్లు ఒక చిట్టాలో వ్రాసిరి. అందులో హ్యారీ వాషింగ్టన్ అను నొక పేరు కలదు. అతడు పాఱిపోయి వచ్చినది జార్జి వాషింగ్టను ఎస్టేటునుండియే. స్వేచ్ఛను వెదకికొనుచు అతడు నోవా స్కోషియాకును, అచ్చటనుండి ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కును పోయెను. ఇక 1779లో సలివన్ సేనాని దండయాత్రలో ఇరొక్వా జాతుల గ్రామములు నలువదికి పైగా కాలిపోయినవి. పండిన మొక్కజొన్న చేలు, కాచిన తోఁటలు నఱకఁబడినవి. వారికొఱకు పింఛను చట్టమును లేదు, వాఙ్మూలము వ్రాసికొనిన గుమాస్తాయును లేడు. ఎవనిని అడుగలేదో వాని మౌనమును సైతము ఒక ఫలకముపై నిలుపుట సత్యమునకు చేసిన గొప్ప మర్యాద.

ఈ కథ మనకేమి యగునని ఎవరైన నడుగవచ్చును. లొంగుబాటు దినమున సారా చూచిన ఆ కన్నీటి సేనాని, అచ్చటి బ్రిటిషు సేనలకు అధిపతియైన కారన్‌వాలిసు కాడు. కారన్‌వాలిసు అస్వస్థుఁడనని చెప్పి తన క్రింది సేనానిని పంపెను. ఆ కారన్‌వాలిసే అయిదేండ్లు తిరుగకముందే, 1786లో, గవర్నరు జనరలుగా కలకత్తాలో దిగెను. 1793లో ఆయన వంగదేశమున స్థాపించిన శాశ్వత శిస్తు నిర్ణయమే, అనఁగా మనవారు పర్మనెంటు సెటిల్మెంటు అనునదే, 1802 మొదలు మన ఉత్తర సర్కారులలోను అమలుజరిగినది. గోదావరి, విశాఖపట్టణ ప్రాంతముల రైతు జమీందారు కచేరీ ముందు చేతులుకట్టుకొని నిలువవలసివచ్చిన ఆ వ్యవస్థకు నమూనా గీచిన చేయి, యార్క్‌టౌన్‌లో ఖడ్గమప్పగింప వెనుదీసిన చేయియే. అచ్చటి సామాన్యుడు ఏ ప్రభుత్వాధికారమును త్రోసిపుచ్చెనో అదే యధికారము ఇచ్చటి సామాన్యుని నెత్తిన మఱియొక నూటయేఁబది సంవత్సరములు కూర్చుండినది. కావున ఆ యుద్ధపు సామాన్యులు మనకు పరాయివారు కారు.

ఇఁక నా హృదయమున నున్న మాట చెప్పవలసియున్నది. మన దేశమునను 1972లో స్వాతంత్ర్యసమరయోధులకు పింఛను పథకము వచ్చినది. మొదట దానికిని ఆదాయపరిమితి యుండెను, 1980లో దానిని తొలఁగించిరి. సాధారణముగా ఆఱు నెలల కారాగారవాసము నిరూపింపవలెననియు నియమముండెను. అమెరికాలో 1818, 1832 చట్టములు నడచిన త్రోవనే, నూటయేఁబది యేండ్ల తరువాత, మనదియు నడచినదన్నమాట. ఆ కాలమున నేను నల్లగొండ జిల్లాలో ఒక గ్రామమున ఉపాధ్యాయుడను. సాయంకాలము గ్రంథాలయము తెఱచుటయు నా పనియే. అర్జీలు వ్రాయించుకొనుటకు జనము అచ్చటికే వచ్చుచుండిరి. ఒక దినమున డెబ్బదియేండ్ల అవ్వ వచ్చి, అరుఁగుమీఁద కూర్చుండి, నిజాము కాలములో అజ్ఞాతములో తిరుగువారికి జొన్నరొట్టెలు గడ్డిమోపులో దాఁచి చేలకు మోసితిననియు, రజాకార్లు వచ్చినప్పుడు కబురు మోసితిననియు చెప్పెను. నేను నియమములు చదివి, "జైలు కాగితమేమైన ఉన్నదా అవ్వా?" అని యడిగితిని.

ఆమె నన్ను వింతగా చూచి యిట్లనెను: "దొరికితే గద బిడ్డా జైలు! నేను దొరకనేలేదు."

జైలులో తోడున్నవారి ధ్రువపత్రమునకు ఆస్కారము లేదు, జైలేలేదు. నేను కచేరీవారి నమూనాలో ఇమిడినంత మూడు నాలుగు పంక్తులు వ్రాసి ఆమె వ్రేలిముద్ర వేయించి పంపితిని. నిదర్శనము చాలదని అర్జీ తిరిగివచ్చెను. దానిని గూర్చి నేనిప్పుడు చింతించుటలేదు. నియమమునకు దాని దారి దానిది. నా చింత వేఱు. ఆమె ఆ సాయంకాలము దీపము పెట్టువేళ దాఁక చెప్పెను. ఏ గట్టున కాపుండెనో, గడ్డిమోపు బరువు తక్కువగానున్నచో అనుమానింతురని అడుగున తడిగడ్డి పెట్టుట ఎట్లు నేర్చెనో, ఒకనాఁటి రాత్రి బావి మెట్లపై దాగినప్పుడు చంకలోని పసిపిల్ల ఏడ్వకుండ ఏమిచేసెనో, అన్నియు చెప్పెను. నాచేత కలమున్నది, ముందు తెల్లకాగితములున్నవి, వెనుక గ్రంథాలయమున్నది. అయినను నేను అర్జీకి చాలినంత వ్రాసి, మిగిలినది విని ఊరకుంటిని. మరుసటి యేడు ఆమె పోయినది. వేన్ కౌంటీ గుమాస్తా చేసిన పని నేను చేయలేదు.

చేసినవారు మనలోను కలరు. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను వారి నుడికారముతోనే గ్రంథస్థము చేసినది. నేనా పుస్తకమును తెఱచినప్పుడెల్ల, అందులో లేని ఒక గొంతుక నాకు వినఁబడును.

అయ్యంకివారి తరము మనకొక కర్తవ్యము నప్పగించినది, అది పుస్తకమును ఊరికి మోసికొనిపోవుట. దానికి జోడుగా నున్న రెండవ కర్తవ్యమును ఈ సంచార ప్రదర్శన నాకు చూపినది, అది ఊరిలోని మాటను పుస్తకమునకు మోసికొనివచ్చుట. ప్రతి శాఖాగ్రంథాలయమునను ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దస్త్రము చాలును. వారమున కొక సాయంకాలము ఊరిపెద్దలలో నొకరిని పిలిచి, మీరు చూచినదేమి, మోసినదేమి, కోల్పోయినదేమి యని యడిగి, వారి మాటను వారి మాటగానే వ్రాసికొనవలెను. జైలు కాగితమున్నదా యని అడుగనక్కఱలేదు. అట్లు కూడిన వాఙ్మూలములనుండి పది ఫలకములు చేసి, ఒక ఊరిది మఱియొక ఊరికి బస్సులో పంపవచ్చును. కాలువలో పడవ లేదుగాని, పోవలసిన దారి అదియే.

ఆ పెన్సిల్వేనియా గ్రంథాలయమున చివఱి దినమున ఫలకములను మడిచి పెట్టెలలో పెట్టుచుండఁగా నేనచ్చటనే యుంటిని. పనివారిలో ఒక యువతి ఆ చినిఁగిన పుట చిత్రమున్న ఫలకమును మడుచుటకు ముందు ఒక క్షణమాగి, చేతిగుడ్డతో దుమ్ము తుడిచి, తరువాత పెట్టెలో నుంచెను. ఆ పెట్టెపై తరువాతి యూరి పేరు వ్రాసియుండెను.

నేనింటికి వచ్చి, ఆ రాత్రియే, నలువదేండ్లు ఆలస్యముగా, ఒక నోటుబుక్కు తెఱచి, ఆ అవ్వ చెప్పినదానిలో నాకు గుర్తున్నంతవఱకు వ్రాసితిని. పండ్రెండు పుటలు వచ్చినవి. గడ్డిమోపు అడుగున తడిగడ్డి పెట్టుట అందులో కలదు. బావి మెట్లపై పసిపిల్ల కథ కలదు. ఆ పుటలను నేఁడు ఈ గ్రంథాలయమున కప్పగించుచున్నాను. దీనిని మొదటి వాఙ్మూలముగా స్వీకరించి, రెండవదానికొఱకు రేపే ఒక కుర్చీ వేయుఁడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.